హైవే మీద బండి ఆగితే ఖర్చెవరిది?

క్లుప్తంగా

జాతీయ రహదారిపై బండి ఆగినప్పుడు హైవే సహాయ నంబరు 1033కి ఫోన్ చేస్తే వచ్చే క్రేన్ దారికి అడ్డం తీసేంత వరకే పనిచేస్తుంది. అక్కడి నుంచి మెకానిక్ దగ్గరికి చేర్చే ఖర్చు బీమా కవరు మీదో, కంపెనీ వారంటీ మీదో, అవేవీ లేకపోతే యజమాని జేబు మీదో పడుతుంది. టోల్ కట్టే పని లేని బైకులు, ఆటోలు, థర్డ్ పార్టీ బీమా (ఎదుటివారికి జరిగిన నష్టానికే వర్తించేది) ఒక్కటే ఉన్న పాత లారీలు ఏ ఏర్పాటులోకీ రాకుండా మిగిలిపోతున్నాయి. కొత్త యాప్‌ల కంటే ముందు ఏ పనికి ఎవరు డబ్బు కట్టాలో, ఏం చేసి చూపిస్తే ఆ డబ్బు ఇవ్వాలో తేలాలి.

సగం నిజమైన వాట్సాప్ సందేశం

సంక్రాంతికి ముందు హైదరాబాద్–విజయవాడ దారి కార్లతో నిండిపోయే రోజుల్లో ఒక వాట్సాప్ సందేశం గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. టోల్ కట్టిన రసీదు దగ్గర ఉంటే చాలు, టైరు పేలినా, ఇంజిన్ మొరాయించినా, పెట్రోలు అయిపోయినా అన్నీ ఉచితంగా చూసుకుంటారన్నది దాని సారాంశం. అందులో నిజం కొంత ఉంది, అపోహ అంతకంటే ఎక్కువ ఉంది. 2018 మార్చిలో మొదలైన 1033 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. టోల్ రోడ్లను నడిపే సంస్థలు అంబులెన్స్, గస్తీ వాహనం, క్రేన్ సిద్ధంగా ఉంచాలన్న షరతు ఒప్పందాల్లోనే ఉంటుంది. అయితే పెట్రోలు ఉచితంగా పోస్తామని గానీ, బండిని సొంత ఊరి మెకానిక్ దాకా లాక్కెళ్తామని గానీ 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లో ఎక్కడా లేదు.

విజయవాడ, గుంటూరు వాసులకు ఈ అయోమయం మిగతా ఊళ్ల కంటే ఎక్కువగా తగులుతుంది. చెన్నై–కోల్‌కతా దారి ఎన్‌హెచ్–16, హైదరాబాద్–మచిలీపట్నం దారి ఎన్‌హెచ్–65 కలిసేది ఇక్కడే. ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్లే ఎన్‌హెచ్–30 ఇబ్రహీంపట్నం దగ్గర చీలుతుంది. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు, గుంటూరు యార్డుకు మిర్చి, కైకలూరు నుంచి ఐసులో పెట్టిన చేపలు, అన్నీ ఈ దారుల మీదే కదులుతాయి. వాటి మధ్యలోనే రోజూ ఉద్యోగానికి మంగళగిరికో తాడేపల్లికో వెళ్లొచ్చే బైకులు ఉంటాయి. ఒక లారీ ఆగితే ఆ ఇబ్బంది లారీ యజమానితో ఆగిపోదు.

దారి తెరిపించడం వేరు, బండిని చేర్చడం వేరు

కీసర టోల్ ప్లాజా దాటి విజయవాడ వైపు వస్తున్న కారు క్లచ్ ప్లేట్లు కాలిపోయి ఆగిందనుకుందాం. 1033కి ఫోన్ వెళ్తే మొదట గస్తీ వాహనం వస్తుంది. వెనక కోన్లు పెట్టి, వచ్చే వాహనాలను పక్కకు మళ్లిస్తారు. తర్వాత క్రేన్ వచ్చి కారును సర్వీసు రోడ్డు మీదికో, లారీలు ఆపుకునే ఖాళీ స్థలానికో, టోల్ ప్లాజా పక్కకో చేరుస్తుంది. రహదారి నిర్వహణ సంస్థ బాధ్యత దాదాపుగా అక్కడితో తీరిపోతుంది. కారు మాత్రం ఇంకా బాగుపడలేదు, అందులోని కుటుంబం ఇంకా ఇంటికి చేరలేదు.

ఈ రెండో అంకం మొత్తం యజమానిదే. బీమాలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కవరు తీసుకుని ఉంటే ఆ నంబరు వెతకాలి. కారు వారంటీలో ఉంటే కంపెనీ హెల్ప్‌లైన్‌కు చెప్పాలి. రెండూ లేకపోతే తెలిసిన మెకానిక్‌కో, ఆటోనగర్‌లో ఎవరికో ఫోన్ చేసి క్రేన్ మాట్లాడుకోవాలి. చట్టం కూడా ఈ ఖర్చును యజమాని మీదే పెట్టింది. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం 10 గంటలు, అంతకు మించి వదిలేసిన బండిని పోలీసు అధికారి తీయించవచ్చు. రాకపోకలకు ప్రమాదంగా ఉంటే అంతసేపు ఆగకుండా వెంటనే తీయించవచ్చు. రెండు సందర్భాల్లోనూ టోయింగ్ ఖర్చు యజమానే భరించాలి.

ప్రయాణికుడి దృష్టిలో ఇదంతా ఒకటే కష్టం. డబ్బు దృష్టిలో మాత్రం రెండు వేర్వేరు పనులు. మొదటిదాని వల్ల బాగుపడేది వెనక వస్తున్న వందల మంది. రెండోదాని వల్ల బాగుపడేది బండి యజమాని. నిధుల చర్చ ఎప్పుడు మొదలైనా ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చిక్కుముడి పడుతోంది.

ఒక వరుస మూసుకుపోతే ఎంత దారి పోతుంది

మొదటి పనికి ప్రజాధనం ఎందుకు పెట్టాలో చెప్పడానికి ఒక లెక్క చాలు. అమెరికా రవాణా ఇంజినీర్లు వాడే హైవే కెపాసిటీ మాన్యువల్ ప్రకారం, ఒక దిశలో రెండు వరుసలున్న రోడ్డులో ఒకటి మూసుకుపోతే మిగిలే సామర్థ్యం సగం కాదు, 35 శాతమే. అదే ఆగిన బండిని మార్జిన్ మీదికి జరిపితే 95 శాతం మిగులుతుంది. ఒక దిశలో మూడు వరుసలున్న చోట ఒకటి మూసుకుపోతే మిగిలేది 49 శాతం. తెరిచి ఉన్న వరుసలోకి అందరూ ఒకేసారి దూరాలని చూడటం, వేగం తగ్గించి ఆగిన బండి వైపు చూస్తూ వెళ్లడం ఈ అదనపు నష్టానికి కారణాలు. ఇవి అమెరికా ఫ్రీవేల (సిగ్నళ్లు లేని పెద్ద రహదారుల) మీద తీసిన లెక్కలు. వరుస క్రమం పాటించని చోట, ఎదురుగా వచ్చే బైకులు, ట్రాక్టర్లు కలిసే చోట పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు.

హైదరాబాద్–విజయవాడ దారి నాలుగు వరుసలది, అంటే వెళ్లే వైపు రెండు, వచ్చే వైపు రెండు. చిలకలూరిపేట–విజయవాడ దారి ఆరు వరుసలది. కాబట్టి ఎన్‌హెచ్–65 మీద ఆగిన లారీ ఎన్‌హెచ్–16 మీద ఆగినదాని కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. వంతెనల మీద పరిస్థితి ఇంకా కష్టం. కనకదుర్గ వారధి మీద బండి ఆగితే పక్కకు జరపడానికి మట్టి మార్జిన్ ఉండదు, సర్వీసు రోడ్డు ఉండదు. ప్రకాశం బ్యారేజీ మీదికి భారీ వాహనాలను పంపలేరు. ఉదయం తొమ్మిదింటికి వారధి మీద ఒక టిప్పర్ యాక్సిల్ విరిగితే ఒకవైపు బెంజ్ సర్కిల్ దాకా, మరోవైపు తాడేపల్లి దాకా వాహనాలు నిలిచిపోవడానికి ఎంతోసేపు పట్టదు. అంబులెన్సులు కూడా అందులోనే చిక్కుకుంటాయి. పశ్చిమ బైపాస్ పూర్తిగా వాడుకలోకి వచ్చేకొద్దీ దూరప్రాంతపు లారీల భారం తగ్గుతుంది గానీ నగరంలోకి వచ్చే బళ్లకు వారధే దిక్కు.

ఆలస్యం ప్రాణాలు కూడా తీస్తుంది. కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. వెనక నుంచి ఢీకొన్న ప్రమాదాల వాటా మొత్తం మరణాల్లో దాదాపు ఐదో వంతు. వాటిలో కదులుతున్న బళ్లను గుద్దినవీ ఉన్నాయి, చీకట్లో ఆగి ఉన్న లారీలను గుద్దినవీ ఉన్నాయి. లారీ ఆగగానే క్లీనర్ దిగి చేసే మొదటి పని రోడ్డు పక్కన వేపకొమ్మలు విరిచి వెనక పరచడం, వాటి వెనక నాలుగు పెద్ద రాళ్లు వరుసగా పేర్చడం. రాత్రిపూట వేగంగా వచ్చే కారు డ్రైవరుకు ఆ కొమ్మలు కనిపించేసరికి బ్రేకు వేసే దూరం ఉండదు. మరమ్మతు అయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు మాత్రం అక్కడే ఉండిపోతాయి. తర్వాతి బైకు పడేది ఆ రాళ్ల మీదే. క్రేన్ రావడానికి ముందే కోన్లతో, రిఫ్లెక్టర్లతో గస్తీ బండి చేరడం ఎందుకంత ముఖ్యమో ఈ ఒక్క దృశ్యం చెబుతుంది.

టోల్ డబ్బులో క్రేన్ వాటా

టోల్ రోడ్లన్నీ ఒకే పద్ధతిలో నడవవు. బీఓటీ (కట్టి, నడిపి, గడువు తీరాక ప్రభుత్వానికి అప్పగించే) పద్ధతిలో కట్టిన సంస్థే టోల్ వసూలు చేసుకుంటుంది, నిర్వహణ ఖర్చూ తనే పెట్టుకుంటుంది. హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో టోల్ జాతీయ రహదారుల సంస్థకు వెళ్తుంది, కట్టిన సంస్థకు వాయిదాల్లో చెల్లింపులు అందుతాయి. మూడో రకంలో రహదారుల సంస్థే రోడ్డును తన చేతుల్లో ఉంచుకుని, టోల్ వసూలును ఒకరికి, నిర్వహణను ఇంకొకరికి అప్పగిస్తుంది. హైదరాబాద్–విజయవాడ దారి 2024 మధ్యలో బీఓటీ సంస్థ నుంచి రహదారుల సంస్థ చేతికి వచ్చింది. ప్రయాణికుడికి కనిపించే టోల్ గేటు మారలేదు. క్రేన్ డ్రైవరుకు జీతం ఇచ్చే చేయి మారింది.

ఏ పద్ధతిలోనైనా ఒక బలహీనత ఉమ్మడిగా ఉంది. ఒప్పందాలు చాలావరకు సామగ్రిని లెక్కపెడతాయి. ఇన్ని కిలోమీటర్లకు ఒక క్రేన్, ఒక అంబులెన్స్, ఒక గస్తీ బండి ఉన్నాయా లేదా అని చూస్తాయి. టోల్ ప్లాజా పక్కన క్రేన్ నిలబడి ఉంటే తనిఖీలో మార్కు పడుతుంది. అది బయల్దేరడానికి ఎంతసేపు పట్టింది, రాత్రి రెండింటికి డ్రైవరు ఉన్నాడా, నిండు లోడుతో ఉన్న లారీని ఎత్తగలిగిందా అన్నవి ప్రజల కంటికి కనబడే లెక్కలు కావు. ప్లాజా బోర్డు మీద రేట్లు ఉంటాయి, ఫోన్ నంబర్లు ఉంటాయి. గత నెలలో ఎన్ని బళ్లు ఆగాయి, సాయం సగటున ఎన్ని నిమిషాల్లో చేరింది అన్న వివరం ఉండదు. టోల్ రేట్లు మాత్రం ఏటా ఏప్రిల్ 1న 3 శాతం, దానికి తోడు టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం చొప్పున సవరిస్తారు. రుసుము ఏటా సవరించే పద్ధతి ఉన్నప్పుడు, సేవ ప్రమాణాన్ని ఏటా కొలిచే పద్ధతి లేకపోవడం పెద్ద లోటు.

లారీల బరువు కూడా మారింది. 2018లో కేంద్రం యాక్సిల్ లోడ్ పరిమితులు పెంచింది. మూడు యాక్సిళ్ల లారీ అనుమతించిన బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది, పెద్ద ట్రెయిలర్లకు 55 టన్నుల దాకా అనుమతి వచ్చింది. అంతకు ముందు రాసుకున్న ఒప్పందాల కింద నిలబెట్టిన క్రేన్లు ఈ బరువులకు సరిపోకపోవచ్చు. బోల్తా పడిన సిమెంటు లారీని నిలబెట్టాలంటే ముందు సరుకు దించాలి లేదా రెండు పెద్ద క్రేన్లు కలిసి ఎత్తాలి. గంటల తరబడి దారి మూసుకుపోయే సందర్భాలు ఎక్కువగా ఇలాంటివే.

ఇక టోల్ కట్టనివారి సంగతి. బైకులు, ఆటోలు, ట్రాక్టర్ల నుంచి జాతీయ రహదారుల మీద రుసుము తీసుకోరు. సాయాన్ని టోల్‌కు ముడిపెట్టి చూస్తే వాళ్లకు హక్కు లేనట్టే అవుతుంది. అలా చూడటం తప్పు. ఫ్లైఓవర్ దిగేచోట చైను తెగి ఆగిన బైకు కూడా వెనక వచ్చే బస్సుకు ప్రమాదమే. పైగా ఏలూరు రోడ్డు లాంటి నగర రోడ్లు, గుంటూరు నుంచి పల్లెలకు వెళ్లే రాష్ట్ర రహదారులు, ఇవేవీ 1033 కిందికి రావు. అక్కడ బండి ఆగితే ట్రాఫిక్ పోలీసులో, దారిన పోయేవాళ్లో సాయపడాలి.

బీమా పత్రంలో 1,500 రూపాయలు

రెండో పనికి, అంటే బండిని మెకానిక్ దగ్గరికి చేర్చడానికి, బీమా ఉందని చాలామంది ధీమాగా ఉంటారు. పత్రం చదివితే ఆ ధీమా తగ్గుతుంది. 2002 నాటి మోటారు టారిఫ్‌ (బీమా రేట్లు, షరతుల పట్టిక)లోని ప్రామాణిక ప్యాకేజీ పాలసీ ప్రకారం, ప్రమాదం జరిగిన కారును దగ్గరలోని మరమ్మతు కేంద్రానికి చేర్చడానికి ఇచ్చే మొత్తం ఒక్కో ప్రమాదానికి 1,500 రూపాయలకు మించదు. ద్విచక్ర వాహనానికి అది 300. ఆటోకు 750, లారీ వంటి మిగతా వాణిజ్య వాహనాలకు 2,500. అదనపు ప్రీమియం కట్టి ఈ పరిమితి పెంచుకునే వీలుంది గానీ ఆ సంగతి చెప్పేవారు తక్కువ. నందిగామ దగ్గర దెబ్బతిన్న కారును ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తంగా పైకెక్కించుకునే లారీ) మీద విజయవాడ తేవడానికి అయ్యే ఖర్చుకు, లోయలోంచి లారీని పైకి లాగడానికి అయ్యే ఖర్చుకు ఈ అంకెలు ఎంతమాత్రం సరిపోవు. అదీ ప్రమాదం జరిగితేనే. బ్యాటరీ డౌన్ అయి ఆగిన బండికి ఈ క్లాజు వర్తించదు.

ఆ ఖాళీని పూడ్చడానికే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కవరు వచ్చింది. కారుకు ఏడాదికి కొన్ని వందల రూపాయల అదనపు ప్రీమియంతో బ్యాటరీ జంప్ స్టార్ట్, స్టెప్నీ మార్చడం, తాళం లోపల పడిపోతే తెరవడం, ఇంధనం తెచ్చివ్వడం, కొంత దూరం దాకా టోయింగ్ వంటివి అందుతాయి. ఇంధనం తెచ్చిచ్చినా దాని ధర సాధారణంగా యజమానే కట్టాలి. ఏడాదికి ఎన్నిసార్లు, ఎన్ని కిలోమీటర్లు అన్న పరిమితులు ఉంటాయి. చాలా సంస్థలు పాత బళ్లకు ఈ కవరు ఇవ్వవు. అన్నింటికీ మించి, ఇది సొంత నష్టం కవరుతో కలిపి అమ్మే అదనపు కవరు. చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమానే కాబట్టి చాలా బైకులు, ఆటోలు, పాత లారీలు దానితోనే సరిపెట్టుకుంటాయి. సాయం ఎక్కువగా కావలసిన పాత బండికి సాయం కొనుక్కునే దారి మూసుకుపోవడం ఈ ఏర్పాటులోని అసలు లోపం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు ఇది బట్టబయలైంది. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీరు లాగి ఇంజిన్ దెబ్బతింటుంది. కదిలించకుండా ఎత్తుకెళ్లాలి. అన్ని బళ్లూ ఒకేసారి ఆగినప్పుడు ఎత్తుకెళ్లే వాహనాలు ఎన్ని ఉన్నా చాలవు. కవరు ఉన్నవాళ్లు వరుసలో ఎదురుచూశారు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకు ఎదురుచూడటానికి వరుస కూడా లేదు.

ఆటోనగర్ లెక్క

ఇంత చెప్పాక ఒక ప్రశ్న వస్తుంది. లారీ బాడీ బిల్డింగుకు దేశమంతా పేరున్న జవహర్ ఆటోనగర్ విజయవాడలోనే ఉంది. గుంటూరుకూ ఆటోనగర్ ఉంది. ఇంజిన్ పని, గేర్‌బాక్స్ పని, వెల్డింగు, ఎలక్ట్రికల్, టింకరింగు, దేనికి కావాలంటే దానికి చేయి తిరిగిన పనివాళ్లు ఉన్నారు. హైవే పొడవునా కల్వర్టు గోడల మీద ‘పంక్చర్, 24 గంటలు’ అని పసుపు రంగుతో రాసిన సెల్ నంబర్లు కనిపిస్తాయి. నైపుణ్యం ఇంత దగ్గరలో ఉండగా రోడ్డు మీద ఆగిన కుటుంబం రెండు గంటలు ఎందుకు ఎదురుచూడాలి?

జవాబు డబ్బు నడిచే తీరులో ఉంది. క్రేన్ అనేది ఫైరింజన్ లాంటిది, పని లేని గంటల్లోనూ సిద్ధంగా నిలబడి ఉండటమే దాని అసలు పని. 24 గంటలూ ఉండాలంటే మూడు షిఫ్టుల డ్రైవర్లు, హెల్పర్లు కావాలి. ఫైనాన్స్ వాయిదా, పర్మిట్, బీమా ఆగవు. కాల్స్ మాత్రం ఒక పద్ధతిలో రావు. వానపడిన రాత్రి పది వస్తాయి, మామూలు మంగళవారం ఒక్కటీ రాదు. సొంతంగా క్రేన్ నడిపే వ్యక్తి ఖాళీగా గడిచిన గంటలన్నింటి ఖర్చునూ ఆ రాత్రి దొరికిన ఒక్క కారు నుంచి రాబట్టుకోవాల్సి వస్తుంది. అర్ధరాత్రి పిల్లలతో రోడ్డు పక్కన నిలబడ్డ మనిషికి బేరమాడే శక్తి ఉండదు. రేటు ఎక్కువగా కనిపించడానికి అత్యాశ ఒక్కటే కారణం కాదు. అందరూ ముందుగా కొద్దికొద్దిగా కట్టి పెట్టుకునే ఏర్పాటు లేకపోవడం అంతకంటే పెద్ద కారణం.

బీమా సంస్థలు క్రేన్లు స్వయంగా నడపవు. ఒక సహాయ సేవల సంస్థకు అప్పగిస్తాయి, ఆ సంస్థ స్థానిక క్రేన్ యజమానులతో కేసుకింత అని మాట్లాడుకుంటుంది. మధ్యలో చేతులు పెరిగేకొద్దీ చివరి చేతికి అందేది తగ్గుతుంది, ఆలస్యంగానూ అందుతుంది. నేరుగా నగదు ఇచ్చే కస్టమరు, నెలల తర్వాత బిల్లు చెల్లించే సంస్థ ఒకే సమయంలో పిలిస్తే క్రేన్ ఎటు వెళ్తుందో ఊహించడం కష్టం కాదు. కవరు ఉన్నా సాయం ఆలస్యమయ్యేది ఇక్కడే.

ఇతర దేశాలు డబ్బు ఎలా తెచ్చాయి

జర్మనీలో 1903లో మొదలైన ఏడీఏసీ మోటారు క్లబ్బుకు ఇప్పుడు 2 కోట్లకు పైగా సభ్యులున్నారు. వారి వార్షిక చందాతోనే పసుపు రంగు సహాయ వాహనాలు దేశమంతా తిరుగుతాయి, చాలా బళ్లను రోడ్డు పక్కనే బాగుచేసి పంపేస్తాయి. బ్రిటన్‌లో 1905 నాటి ఏఏ, జపాన్‌లో 1960లలో పుట్టిన జాఫ్ ఇదే బాట. భారత్‌లోనూ 1919లో బొంబాయిలో పశ్చిమ భారత ఆటోమొబైల్ సంఘం పుట్టింది, మద్రాసులో దక్షిణ భారత సంఘం ఏర్పడింది. కానీ కార్లు లక్షల్లోకి పెరిగే సరికి కంపెనీల వారంటీ సేవలు, బీమా కవర్లు ముందుకు వచ్చి క్లబ్బుల సభ్యత్వం జనంలోకి వెళ్లలేదు.

కాలిఫోర్నియా అనుభవం మన చర్చకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ కౌంటీలు వాహన రిజిస్ట్రేషన్‌తో పాటు ఏటా 1 డాలరు వసూలు చేసి హైవే అత్యవసర ఫోన్లు పెట్టుకునే వీలు కల్పిస్తూ 1980లలో చట్టం తెచ్చారు. 1991లో లాస్ ఏంజెలెస్‌లో ఫ్రీవే సర్వీస్ పెట్రోల్ మొదలైంది. ప్రైవేటు టో ట్రక్కులనే కాంట్రాక్టు మీద తీసుకుని, రద్దీ వేళల్లో కేటాయించిన దారిలో తిప్పుతారు. ఆగిన కారుకు టైరు మార్చడం, కాస్త ఇంధనం పోయడం, ఫ్రీవే మీద నుంచి బయటి సురక్షిత స్థలానికి చేర్చడం ఉచితం. ఇంటిదాకా లాక్కెళ్లరు. ఆ ఉచితం దానధర్మం కింద రాదు. వెనక నిలిచిపోయే వేల కార్ల సమయం ఆదా అవుతుందన్న లెక్క మీదే అది నిలబడింది. యూరప్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్త మోడల్ కార్లకు ఈకాల్ తప్పనిసరి. గట్టి ప్రమాదం జరిగితే కారే 112కు ఫోన్ చేసి తానున్న చోటు చెబుతుంది.

ఆధునికీకరణలో ముందు ఏది

మన దగ్గర ఆధునికీకరణ అనగానే యాప్ గుర్తొస్తుంది. జాతీయ రహదారుల సంస్థ 2023లో రాజ్‌మార్గ్‌యాత్ర యాప్ తెచ్చింది. ఆగిన బండిని తనంతట తానే గుర్తించే కెమెరాల వ్యవస్థను ప్రధాన రహదారుల మీద పెడుతున్నారు. 2019 నుంచి కొత్త ప్రజా రవాణా వాహనాలకు లొకేషన్ పరికరం, ప్యానిక్ బటన్ తప్పనిసరి చేశారు. ఇవి మంచివే. అయితే అసలు ఆలస్యం చాలాసార్లు అంతకంటే చిన్నచోట పుడుతోంది.

ఫోన్ చేసిన మనిషి “కాజ దాటాం, పక్కన పెట్రోలు బంకు ఉంది” అంటాడు. ఎక్కడో దూరపు కాల్ సెంటర్‌లో కూర్చున్న ఉద్యోగికి కాజ ఏదో తెలియదు. రోడ్డు పక్కన పసుపు, తెలుపు కిలోమీటరు రాయి మీది అంకె చెబితే పని సులువవుతుంది గానీ చీకట్లో ఆ రాయి వెతకడం అందరికీ కుదరదు. అంతకంటే ముఖ్యం ఏ వైపు అన్నది. గుంటూరు వెళ్లే వైపు ఆగిన కారు కోసం విజయవాడ వచ్చే వైపు క్రేన్ వస్తే డివైడర్ అవతల కారు కనిపిస్తూనే ఉంటుంది, యూటర్న్ మాత్రం కొన్ని కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఫోన్ ఎత్తగానే లొకేషన్ లింకు పంపడం, ప్రయాణ దిశ అడగడం, తెలుగులో మాట్లాడే మనిషి ఉండటం, ఈ మూడూ ఖరీదైన కెమెరాల కంటే ముందు రావాలి.

రెండోది నంబర్ల గొడవ. అంబులెన్సుకు 108, పోలీసుకు 112, హైవే సాయానికి 1033, బీమా సంస్థకు మరో టోల్‌ఫ్రీ. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన తర్వాత గన్నవరం వైపు నుంచి చిలకలూరిపేట దాకా వెళ్లే ప్రయాణంలో కృష్ణా, ఎన్టీఆర్, గుంటూరు, పల్నాడు జిల్లాలు వరుసగా వస్తాయి. సరిహద్దు దగ్గర ఆగిన బండి ఏ స్టేషన్ కిందికి వస్తుందో తేలేసరికి సమయం పోతుంది. ఏ నంబరుకు చేసినా ఆ సమాచారం లొకేషన్‌తో సహా సరైన చోటికి మళ్లాలి. ఇది సాంకేతికంగా పెద్ద పని కాదు, శాఖల మధ్య ఒప్పందం కుదరాలి.

మూడోది వాహనాల రకం. ముందు చక్రాలో వెనక చక్రాలో ఎత్తి మిగతావి నేల మీద దొర్లిస్తూ లాక్కెళ్లడం పాత పద్ధతి. విద్యుత్ కార్లలో నడిపే చక్రాలు నేల మీద దొర్లితే మోటారులో కరెంటు పుట్టి విడిభాగాలు పాడయ్యే ప్రమాదం ఉంది. చాలా ఆటోమేటిక్ కార్లనూ అలా ఎక్కువ దూరం లాగకూడదు. వీటికి ఫ్లాట్‌బెడ్ కావాలి. తాడు కట్టి లాగే క్రేన్‌ను మార్చి ఫ్లాట్‌బెడ్ కొనడానికి చిన్న యజమాని దగ్గర పెట్టుబడి ఉండదు. నెలకు ఇన్ని పనులకు కచ్చితంగా బిల్లు వస్తుందన్న ఒప్పందం చేతిలో ఉంటేనే బ్యాంకు అప్పు ఇస్తుంది.

ఎవరు కట్టాలి, ఎలా కట్టాలి

దారి తెరిపించే పనికి టోల్ సొమ్మే సరైన మూలం. టోల్ కట్టారా లేదా, బైకా లారీనా అన్నది చూడకుండా అడ్డం తీసెయ్యాలి. రాష్ట్ర రహదారుల మీద, నగర రోడ్ల మీద ఆ బాధ్యతను వాహన పన్నులోంచి చిన్న వాటాతో నడపవచ్చు. వారధి, ఫ్లైఓవర్లు, రింగు కూడళ్ల దగ్గర రద్దీ వేళల్లో ఒక టోయింగ్ బండిని నిలిపి ఉంచడంతో ఇది మొదలుకావచ్చు. ఖర్చు తక్కువ, ఫలితం మొదటి వారంలోనే కనిపిస్తుంది.

బండిని మెకానిక్ దగ్గరికి చేర్చే పనికి ముందస్తు చందా కావాలి. కార్ల విషయంలో దారి ఇప్పటికే ఉంది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో 200 ట్రిప్పుల ఫాస్టాగ్ వార్షిక పాస్ మొదలైంది. పాస్ కొనేటప్పుడే ఇష్టమైనవారు మరికొంత కట్టి ఏడాది సాయం తీసుకునే వీలు పెడితే, బండి వయసుతో పని లేకుండా పెద్ద సంఖ్యలో చందాదారులు ఒక్కచోట చేరతారు. బైకులు, ఆటోలకు తప్పనిసరి థర్డ్ పార్టీ బీమాలోనే చిన్న మొత్తం కలపడం ఒక మార్గం. ప్రీమియం కాస్త పెరిగితే బీమా కట్టనివారి సంఖ్య పెరుగుతుందన్న భయం నిరాధారం కాదు, అందుకే ఆ మొత్తం పంక్చరు ధరకు మించకూడదు. పాత టారిఫ్‌లోని 1,500, 300 రూపాయల పరిమితుల సవరణకు మాత్రం కొత్త పథకాలేవీ అక్కర్లేదు, బీమా నియంత్రణ సంస్థ నిర్ణయం చాలు.

ఆటోనగర్ పనివాళ్లను ఈ గొలుసులోకి తేవడం అన్నిటికంటే ఫలితమిచ్చే పని. పేర్లు నమోదు చేసి, రిఫ్లెక్టర్ జాకెట్, కోన్లు, విద్యుత్ బళ్ల మీద రెండు రోజుల శిక్షణ ఇచ్చి, పగలు ఎంత, రాత్రి ఎంత, కిలోమీటరుకు ఎంత అని రేట్ల పట్టిక ప్రకటిస్తే బేరం గొడవ ఉండదు. పని ముగిసిన రోజే డబ్బు యూపీఐలో పడితే క్రేన్ యజమాని సంస్థ కాల్‌ను వదులుకోడు.

హైదరాబాద్–విజయవాడ దారిని ఆరు వరుసలకు పెంచే ప్రతిపాదన ఉంది. ఆ నిర్వహణ ఒప్పందంలో క్రేన్ల సంఖ్యకు బదులు చేరిన నిమిషాలను బట్టి చెల్లింపు, 55 టన్నుల ట్రెయిలర్‌కు సరిపడే సామగ్రి, నెలనెలా ప్లాజాల వారీగా ప్రకటించే లెక్కలు, ఐతవరం లాంటి ముంపు చోట్ల వానాకాలం అదనపు సిబ్బంది ఉండాలి. 2023 జూలైలోనూ 2024 సెప్టెంబరులోనూ మున్నేరు వరద నందిగామ దగ్గర ఇదే దారిని ఆపేసింది. ఒకసారి సంతకాలు పడితే ఇలాంటి ఒప్పందాలు ఏళ్ల తరబడి నడుస్తాయి, మధ్యలో షరతు మార్చాలంటే అదనపు పని కింద లెక్కగట్టి సంస్థకు విడిగా చెల్లించాలి. కాబట్టి ఈ షరతులన్నీ టెండరు పత్రాల్లోనే చోటు చేసుకోవాలి.